వాటర్‌ప్రూఫ్ డాక్యుమెంట్ బ్యాగు కొంటున్నారా? ముందు ఇది చదవండి

వీలునామా, ఇంటి దస్తావేజులు దాచుకోవడానికని 'ఫైర్‌ప్రూఫ్, వాటర్‌ప్రూఫ్' అంటూ ఆన్‌లైన్‌లో వెండిరంగు జిప్పు బ్యాగులు అమ్ముతున్నారు కదా, వాటిని నమ్మి అసలు కాగితాలు పెట్టకండి. కంపెనీ పేరు రాయడం లేదు, రాసినా లాభం లేదు, అదే బ్యాగుని పేరు మార్చి ఇంకొకళ్లు అమ్ముతుంటారు.

మా పెద్దమామయ్య గారిది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఊరి మీద పడ్డప్పుడు మనుషులు మేడెక్కడమే గగనమైంది, ఇక సామాన్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆయన అలాంటి బ్యాగే కొని వీలునామా, దస్తావేజులు అందులో పెట్టారు, అది కింది గదిలో బీరువా కింది అరలో ఉంది. 'అది వాటర్‌ప్రూఫ్ రా, దానికేం కాదు' అని ఆయన ధీమా. నీళ్లు తీశాక తెరిచి చూస్తే జిప్పు రన్నరు వచ్చి ఆగే మూల దగ్గర అగ్గిపుల్ల దూరేంత సందు, అందులోంచి బురదనీళ్లు లోపలికి పోయాయి, పోయినవి మళ్లీ బయటికి రాలేదు, కాగితాలన్నీ ఊరగాయ జాడీలో ముక్కల్లా రోజుల తరబడి ఊరాయి. స్టాంపు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇంకు పెన్నుతో పెట్టిన సంతకాలు నీలం మరకలయ్యాయి, బాల్‌పెన్నువి మాత్రం నిలిచాయి. తమాషా ఏంటంటే అదే అరలో అత్తయ్య కిరాణా కొట్టు కవర్లో చుట్టచుట్టి, దాని మీద ఇంకో కవరు వేసి గట్టిగా ముడేసిన ఎల్ఐసీ బాండ్లు అంచులు తప్ప తడవలేదు!

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే 'సార్, అది వాన చినుకుల వరకేనండి, నీళ్లలో మునిగితే మాకు సంబంధం లేదు' అన్నాడు. మరి ప్రకటనలో బ్యాగుని నీళ్ల తొట్టిలో ముంచిన ఫొటో ఎందుకు పెట్టారయ్యా అంటే 'అది ఊరికే చూపించడానికి సార్' అట. రిటర్న్ గడువు దాటిందని డబ్బులూ ఇవ్వలేదు.

కాబట్టి కొనేముందు ఐపీ రేటింగ్, అంటే నీళ్లనీ దుమ్మునీ ఎంతవరకు ఆపుతుందో చెప్పే గుర్తు, ఎంతో అడగండి. ఐపీఎక్స్4 అంటే నీళ్లు చిందితే తట్టుకుంటుంది, అంతే. ఐపీఎక్స్7 అన్నా కూడా మీటరు లోతులో అరగంట వరకే పరీక్ష, బుడమేరు నీళ్లు మరి అరగంటలో పోయాయా? నోటికొచ్చినట్టు వాటర్‌ప్రూఫ్ అని రాసి ఏ రేటింగూ చెప్పనివాడి దగ్గర అసలు కొనొద్దు. ఫైర్‌ప్రూఫ్ మాట కూడా అంతే. అన్ని వందల డిగ్రీలు తట్టుకుంటుందని రాసేది పైగుడ్డ గురించి, లోపలున్న కాగితం గురించి కాదు. కాగితాల కోసం చేసే అసలైన ఫైర్ సేఫ్‌లకి లోపలి వేడి దాదాపు 177 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని పరీక్ష ఉంటుంది, ఈ గుడ్డ సంచులు దాని దరిదాపుల్లో ఉండవు.

బ్యాంకు లాకరు ఉందిగా అంటారేమో. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం బ్యాంకు నిర్లక్ష్యం వల్ల అగ్నిప్రమాదం, దొంగతనం లాంటివి జరిగితే ఏడాది అద్దెకి వందరెట్లు ఇస్తారు, వరద, భూకంపం లాంటి వాటికి మాత్రం బ్యాంకుకి బాధ్యత లేదు. లాకరు వద్దనడం లేదు, అది ఏ అంతస్తులో ఉందో చూసుకుని తీసుకోండి.

మా వాళ్లకి అసలు టెన్షన్ పెట్టింది వీలునామా. రిజిస్టరైన దస్తావేజు పోయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది, తిరగాలి కానీ దొరుకుతుంది. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి చాలామంది తెల్లకాగితం మీద రాసి బీరువాలో పెట్టేస్తారు, అది పోతే ఏ ఆఫీసులోనూ నకలుండదు. మామయ్య గారు నిక్షేపంగా ఉన్నారు కాబట్టి మళ్లీ రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి, ఈసారి రిజిస్టర్ చేయించారు. అదే రాసినాయన పోయాక జరిగితే? జిరాక్సు పట్టుకుని కోర్టుకెళ్లి అసలు ఎలా పోయిందో రుజువు చేసుకోవాలి, అన్నదమ్ముల్లో ఒక్కడు అడ్డం తిరిగాడా, ఇక ఏళ్ల తరబడి తిరుగుడే. ఫోన్లో స్కాన్ ఉందిలే అని కూర్చోకండి, డిజిటల్ పత్రాలకి చెల్లుబాటు ఇచ్చే 2000 నాటి ఐటీ చట్టం వీలునామాలకి వర్తించదు, సంతకాలున్న కాగితమే కావాలి.

చాలామందికి తెలియని దారి ఇంకోటుంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 42వ సెక్షన్ కింద వీలునామాని సీలు వేసిన కవర్లో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేయొచ్చు, లోపల ఏం రాశారో ఎవరికీ చూపించక్కర్లేదు. ఆ కవర్ని ఫైర్‌ప్రూఫ్ పెట్టెలో ఉంచాలని చట్టంలోనే ఉంది.

ఇంట్లోనే పెట్టుకుంటామంటే పై అంతస్తులోనో అటక మీదో పెట్టి, వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఒక నకలుంచండి. ఇప్పటికే తడిసిన కాగితాలుంటే ఇస్త్రీపెట్టె పెట్టొద్దు, అతుక్కున్నవాటిని గోటితో లాగొద్దు. వెంటనే ఆరబెట్టే వీలు లేకపోతే పాలిథిన్ కవర్లో పెట్టి ఫ్రీజర్లో ఉంచండి, బూజు పట్టకుండా ఆగుతుంది, తర్వాత తీరిగ్గా తెలిసినవాళ్లకి చూపించొచ్చు.