టైర్లలో బ్యాలెన్సింగ్ పూసలు: నా బండిలో, బావ లారీలో వేసి చూశాక

మా బావది పది టైర్ల లారీ. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తుకుని కలకత్తా వైపు పోతుంటాడు. పోయిన ఏడాది సీజన్ మధ్యలో ఒకరోజు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. అన్నం కలుపుకుంటుంటే కుడి చెయ్యి సన్నగా వణకడం చూశాను. ఏంటి బావా అంటే, "స్టీరింగ్ రా. అరవై దాటితే చాలు గిలక్కాయలా ఊగుతుంది. దిగాక గంటసేపు వేళ్లలో తిమ్మిరి పోదు" అన్నాడు. అంతకుముందే అలైన్‌మెంట్ చేయించాడు, ముందు చక్రాలు పక్కకి తిరగడానికి ఉండే కింగ్‌పిన్లు మార్పించాడు, హబ్ బేరింగులు చూపించాడు. ఊగడం కాస్త తగ్గింది కానీ పోలేదు.

కిందకి దిగి ముందు టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ నిమిరితే విషయం తెలిసిపోయింది. అరుగుదల ఒకే తీరుగా లేదు. జానెడు దూరం ఒక మిట్ట, పక్కనే ఒక గుంట, మళ్లీ మిట్ట. కారుకి ఐదు వేల కిలోమీటర్లు తిరగ్గానే వీల్ బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమానం చేయించడం, అని పరిగెడతాం, ఇరవై టన్నుల పైన బరువుతో రాత్రంతా హైవే మీద పరిగెత్తే లారీ చక్రాలకి మాత్రం మన దగ్గర ఎక్కువ మంది ఆ పని చేయించరు. డ్రైవర్లు ఆ ఊగుడు భరించడం అలవాటు చేసుకున్నారు, అంతే. నాకు అది చాలా బాధనిపించింది. అందుకే ఈ పూసల సంగతి వెతకడం మొదలుపెట్టాను.

ఇవి ఆవగింజంత గుండ్రటి పూసలు, టైరు లోపల వదులుగా పోసేస్తారు. డైనా బీడ్స్ అనేవి సిరామిక్‌వి, కౌంటర్‌యాక్ట్ వాళ్లవి గాజువి, ఇంకా వేరే పేర్లతోనూ దొరుకుతాయి. రిమ్ముకి సీసం ముక్కో జింకు ముక్కో అంటించే బదులు ఈ పూసలే చక్రం తిరుగుతుంటే తేలికగా ఉన్న వైపుకి వెళ్లి కూర్చుంటాయి అనేది దీని సూత్రం. వినగానే నాకు నమ్మబుద్ధి కాలేదు. బరువున్న వైపుకే కదా అన్నీ పోతాయి అనిపించింది. నిజానికి తక్కువ వేగంలో జరిగేది అదే. కానీ బండి సస్పెన్షన్‌కి తనదైన ఒక ఊగే లయ ఉంటుంది, చక్రం ఆ లయని దాటి తిరగడం మొదలుపెట్టాక లెక్క తిరగబడుతుంది. అప్పుడు చక్రం సరిగ్గా ఇరుసు చుట్టూ కాక దాని పక్కనున్న ఒక బిందువు చుట్టూ తిరుగుతుంది, ఆ బిందువుకి బరువున్న వైపు దగ్గరగా, తేలిక వైపు దూరంగా ఉంటుంది, పూసలు ఎప్పుడూ అన్నిటికంటే దూరమైన చోటికే పారతాయి కాబట్టి తేలిక వైపు చేరతాయి. ఇంట్లో టాప్ లోడ్ వాషింగ్ మెషీన్ ఉంటే మూత తీసి డ్రమ్ము పైఅంచు చూడండి, లావుపాటి ప్లాస్టిక్ రింగు ఉంటుంది. చాలావాటిలో ఆ రింగులో ఉప్పునీళ్లు ఉంటాయి. తడిబట్టలన్నీ ఒకవైపు చేరినా మెషీన్ గెంతకుండా చూసేది అవే. అదే లెక్క ఇక్కడా.

పది గ్రాముల తేడా ఏం చేస్తుందిలే అనుకునేవాళ్లకి ఒక చిన్న లెక్క. నా బైకు ముందు చక్రం చుట్టుకొలత రెండు మీటర్లు కాస్త పైన. వందలో పోతే సెకనుకి పదమూడు చుట్లు తిరుగుతుంది. టైరు అంచున పది గ్రాములు ఎక్కువుంటే ప్రతి చుట్టులో సుమారు రెండు కిలోల బలంతో లాగుతుంది, సెకనుకి పదమూడు సార్లు. అదే యాభైలో అయితే నాలుగో వంతు, అంటే అరకిలో. ఊళ్లో తెలియనిది హైవే ఎక్కగానే చేతికి తెలిసేది ఇందుకే.

ముందు నా రాయల్ ఎన్‌ఫీల్డ్ మెటియోర్ 350 బైకు మీదే చూద్దామనుకున్నాను. కొత్త టైరు వేయించినప్పుడు అంటించిన వెయిట్లు వాటర్ వాష్‌లో ఊడిపోయాయి, కాబట్టి సమయం కూడా కుదిరింది. మీరు కూడా పూసలు కొనేముందు ఒకటి చూడండి: ఖాళీ రోడ్డు మీద ఎనభై తొంభైలో క్లచ్ పట్టి ఇంజన్‌ని ఐడిల్‌కి వదిలేయండి. వణుకు పోతే అది ఇంజన్‌ది, అలాగే ఉంటే చక్రంది. నాది చక్రందే.

ముందు చక్రానికి 28 గ్రాములు, వెనక 56 గ్రాములు. గాలి తీసి, నాజిల్ లోపలి పిన్ను విప్పి, ప్యాకెట్‌తో వచ్చిన చిన్న సీసాకి ట్యూబు తగిలించి పొయ్యాలి. రాసినంత తేలిక కాదు. నాలుగు పూసలు పడి ఐదోది నాజిల్ మూతిలో ఇరుక్కుంటుంది. వేలితో తట్టీ తట్టీ విసుగొచ్చి, గడ్డం ట్రిమ్మర్ ఆన్ చేసి నాజిల్‌కి ఆనించి పెట్టాను, ఆ కంపనానికి చక్కెర జారినట్టు సర్రున జారిపోయాయి. ముందు చక్రానికి పది నిమిషాలు పట్టింది. వెనకది అంతకంటే త్వరగానే అయింది.

బెంజ్ సర్కిల్ నుంచి వారధి దాటేదాకా తేడా ఏమీ లేదు, ఉండదు కూడా. ఆ ట్రాఫిక్‌లో పూసలకి పనే లేదు. కాజ టోల్ దాటి చిలకలూరిపేట వైపు తొంభైలో పోతుంటే హ్యాండిల్‌లో గుబగుబ తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. మనసులో ఒక అంచనా వేస్తే రూపాయికి అర్ధరూపాయి. గతుకు తగిలితే ఒక్క క్షణం చెదిరి మళ్లీ సర్దుకుంటాయి. బండి ఆపుతున్నప్పుడు హెల్మెట్ తీసి వింటే, వేగం బాగా పడిపోయాక టైరులోంచి చేటలో బియ్యం జారిన చప్పుడు వస్తుంది. మొదటిసారి విన్నప్పుడు ఏదో విరిగిందని కంగారుపడ్డాను, తర్వాత అలవాటైంది.

ఇక ఇబ్బందుల దగ్గరికి వద్దాం. వాటిని మాత్రం కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే నేను చదివిన రివ్యూల్లో ఎవరూ చెప్పలేదు. ఆన్‌లైన్‌లో అమ్మిన షాపువాళ్లు పూసలు ఆపే జల్లెడ ఉన్న పిన్ను కూడా వస్తుందని రాశారు, ప్యాకెట్‌లో లేదు. మామూలు పిన్నుతోనే నడిపాను. ఒక సాయంత్రం గాలి చెక్ చేయిస్తే ఒక పూస పిన్నులో ఇరుక్కుంది, తెల్లారేసరికి టైరు నేలకి అతుక్కుని ఉంది. జల్లెడ పిన్ను తప్పకుండా ఉండాలి. దాంతోపాటు గాలి చూసేటప్పుడు నాజిల్ పైకి ఉండేలా చక్రం తిప్పుకోండి, పూసలు అడుగున ఉంటాయి. ముందు కొద్దిగా గాలి లోపలికి కొట్టి తర్వాత గేజి పెట్టండి, మూతిలో ఏదైనా ఉంటే లోపలికి పోతుంది.

రెండోది ఇంకా ఘోరం. సర్వీసుకి ఇచ్చినచోట నన్ను అడక్కుండా టైర్లలో పంక్చర్ నిరోధక జెల్ పోశారు. మర్నాడు ఏలూరు రోడ్డు మీద డెబ్బైకే ముందు చక్రం దడదడలాడింది. ఇంతకుముందు ఎప్పుడూ అంత లేదు. నిజంగా భయమేసింది. నెమ్మదిగా తీసుకొచ్చి టైరు విప్పిస్తే పూసలన్నీ జెల్‌లో కలిసి ఒకేచోట నువ్వుండలా గట్టిపడి ఉన్నాయి. బ్యాలెన్స్ చెయ్యాల్సిన వస్తువే చక్రంలో అసలు బరువైపోయింది. జెల్ ఉన్న టైర్లో పూసలు వద్దు, పూసలున్న టైర్లో జెల్ వద్దు. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు నిలిచి, గాలితోపాటు తేమ కొట్టే షాపులతోనూ ఇదే ప్రమాదం, వానాకాలంలో మరీ. అంతా కడిగించి బైకుకి మళ్లీ మామూలు వెయిట్లే వేయించాను. ఆ వెయిట్లతో వణుకు ఇంకా బాగా పోయింది, అది కూడా నిజాయితీగా చెప్పాలి.

దగ్గర్లో మంచి బ్యాలెన్సింగ్ మెషీన్ ఉన్న బైకు వాళ్లకి నా మాట అందుకే సూటిగా ఉంటుంది: వెయిట్లు చాలు. మెషీన్ గురించి ఇంకో ముక్క. పూసలున్న చక్రాన్ని మెషీన్ మీద పెట్టి చూసి, రీడింగ్ ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి వస్తోంది కాబట్టి పూసలు దండగ అని కొందరు తేల్చేస్తారు. మెషీన్‌లో ఇరుసు బిగించి ఉంటుంది, సస్పెన్షన్ ఊగడం అనేది ఉండదు, కాబట్టి పూసలు సర్దుకోవు. ఆ పరీక్షతో ఏదీ తేలదు.

లారీ విషయం వేరు. ఈ సీజన్ ముందు బావ ముందు టైర్లు రెండూ కొత్తవి వేయిస్తానంటే, ట్యూబ్‌లెస్ రేడియల్సే కదా, పూసలు పోయిద్దామని ఒప్పించాను. ఆటోనగర్‌లో మేము ఎప్పుడూ వెళ్లే టైర్ల షాపు పెద్దాయన మొదట ఒప్పుకోలేదు. "ఇసక పోస్తున్నావేంటి తమ్ముడూ, టైరు లోపలి పొర కోసుకుపోతుంది" అన్నాడు. ఆయన భయంలో న్యాయం ఉంది. ఇంతకుముందు ఎవరో సైకిల్ బేరింగ్ గుళ్లు తెచ్చి పోయించుకున్నారట, తీసి చూస్తే తుప్పు పట్టి, లోపలి రబ్బరు గీతలు పడి ఉందట. ఇవి ఇనుము కాదు, తుప్పు పట్టవు, నున్నగా ఉంటాయి అని అరచేతిలో పోసి చూపించాను. వేళ్ల మధ్య నలిపి చూసి అప్పుడు సరేనన్నాడు. డబ్బు మిగులుతుందని బేరింగ్ గుళ్లు, ఇసక, బొమ్మ తుపాకీ ప్లాస్టిక్ గుళ్లు పొయ్యకండి. మన ఎండల్లో లోడు లారీ టైరు ఎంత కాలుతుందో చెయ్యి పెట్టినవాళ్లకి తెలుసు, ఆ ప్లాస్టిక్ పిండైపోతుంది.

లారీకి పొయ్యడం మాత్రం బైకు కంటే సులువు. టైరు ఒకవైపు రిమ్ముకి ఎక్కించి, రెండోవైపు తెరిచి ఉన్నప్పుడే పోసేయొచ్చు. మా వంటింటి కాటా మీద ఒక్కోదానికి 300 గ్రాములు తూచి తీసుకెళ్లాను. టైరు ఎక్కించడానికి రాసే సబ్బునీళ్లు లోపల మిగలకుండా పొడిగుడ్డతో రెండుసార్లు తుడిపించి పోశాం.

రాజమండ్రి దాటి టీకి ఆగినప్పుడు బావ ఫోన్ చేశాడు. "వేళ్లు నావే అనిపిస్తున్నాయి రా" అన్నాడు. ఆ మాట విని నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. అయితే టైర్లు కూడా కొత్తవే కదా, ఆ సుఖమంతా పూసల ఖాతాలో వేయకూడదు అని ఊరుకున్నాను. అసలు రుజువు రెండు నెలల తర్వాత దానంతటదే దొరికింది. ఒడిశాలో ఎడమ ముందు టైరు పంక్చరైంది. రోడ్డు పక్క షాపతను విప్పితే పూసలు కిందపడ్డాయి. చెత్త అనుకుని చీపురుతో ఊడ్చేశాడు. బావ అప్పుడు టీకొట్టు దగ్గర ఉన్నాడు, చూసుకోలేదు. బయల్దేరి అరవై అయిదు దాటగానే ఊగుడు మళ్లీ మొదలైంది. అవే టైర్లు, అదే రోడ్డు, అదే డ్రైవరు, తేడా ఆ ఊడ్చేసిన 300 గ్రాములే. గుంటూరు వచ్చాక మళ్లీ పోయించాం, మళ్లీ సర్దుకుంది. ఇక నాకు అనుమానం లేదు. ఇప్పుడు రెండు రిమ్ముల మీదా పసుపు పెయింటుతో "లోపల పూసలు ఉన్నాయి, పారేయొద్దు, జెల్ పొయ్యొద్దు" అని తెలుగులో, హిందీలో రాయించాం.

ఖర్చు చూస్తే రెండు టైర్లకి కలిపి నాలుగు వేల చిల్లర అయింది, ఆ మళ్లీ పోసినది కాక. లారీ టైరు ఒక్కటే ఇరవై వేల పైమాట. ఆ గుంటల అరుగుదల వల్ల ఒక్క టైరు ముందే పోవడం ఆగినా డబ్బు వచ్చేసినట్టే. పైగా టైరు అరిగాక పూసలు పొడిగా ఉంటే జల్లెడపట్టి తర్వాతి టైరులో వాడుకోవచ్చు. కానీ రిమ్ము వంకరపోయినా, కింగ్‌పిన్ వదులైనా, టైరు ఇప్పటికే గుంటలు పడినా పూసలు ఏమీ చెయ్యలేవు, ముందు ఆ పని చేయించండి. ఊళ్లోనే తిరిగే టాటా ఏస్‌లకీ, ఇసక ట్రాక్టర్లకీ వద్దు. వేగమే లేనిచోట దండగ.

మొన్న ఆదివారం బావ లారీ కడుగుతుంటే వెళ్లి ముందు టైర్లు రెండూ చుట్టూ నిమిరి చూశాను. మిట్టా గుంటా చేతికి తగల్లేదు. వెనక టైర్లు ఎనిమిదింటికీ కూడా వేద్దామా అని అడుగుతున్నాడు. వాటి ఊగుడు స్టీరింగ్‌కి రాదు కాబట్టి ఇప్పుడే వద్దన్నాను, మిగిలిన పూసల ప్యాకెట్ మాత్రం ఈసారి ట్రిప్పుకి క్యాబిన్‌లో పెట్టి పంపాను.