నల్ల డిస్కా, నీలం డిస్కా, క్లౌడా: కొట్టు లెక్కల కాపీ ఎక్కడ ఉంటే మేలు?

ఒడిశా పర్లాకిమిడిలో నేను లెక్కలు చూసే కొట్లు ఇరవై దాకా ఉంటాయి. ఈ మధ్య ఏ కొట్టుకి వెళ్ళినా టీ వచ్చేలోపే ఒకటే ప్రశ్న. "తమ్ముడూ, టాలీ డేటా గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకోమంటావా, హార్డ్ డిస్కులోనా?" టాలీ అంటే మా కొట్లలో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది కాబట్టి ఇక్కడ రాసేస్తున్నాను.

అందరూ ఇప్పుడే అడగడానికి కారణం ఉంది. పోయిన వానాకాలంలో బజారులోని ఒక ఇనుము, సిమెంటు కొట్టులో సోమవారం పొద్దున్న గుమాస్తా కంప్యూటర్ వేస్తే టాలీలో కంపెనీ కనబడలేదు. డేటా ఫోల్డర్‌లో ఫైళ్ళన్నీ ఉన్నాయి, కాకపోతే ప్రతి పేరు చివరా అర్థం కాని తోక ఒకటి తగిలి ఉంది. డెస్క్‌టాప్ మీద ఇంగ్లీషులో ఓ చీటీ: డబ్బు కడితే తాళం తీస్తాం, లేకపోతే లేదు. నేను వెళ్ళేసరికి షావుకారు గారు ఇంకా ధైర్యంగానే ఉన్నారు. "పెన్‌డ్రైవ్‌లో రోజూ బ్యాకప్ తీస్తున్నాం కదా" అన్నారు. తీస్తున్న మాట నిజమే. ఆ పెన్‌డ్రైవ్ మాత్రం ఆరు నెలలుగా సీపీయూ వెనకాలే గుచ్చి ఉంది. పీకి నా లాప్‌టాప్‌లో చూశాను. అందులో ఫైళ్ళకీ అదే తోక.

దొంగ వచ్చిన దారి వెతకడం పెద్ద కష్టం కాలేదు. ఇంటి నుంచి లెక్కలు చూసుకోడానికని ఎవరో ఎప్పుడో రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి అలాగే ఇంటర్నెట్‌కి వదిలేశారు. పాస్‌వర్డు కొట్టు పేరు, పక్కన 123.

"జీఎస్టీ పోర్టల్‌లో అంతా ఉంటుంది కదా, మళ్ళీ దించుకుంటే సరి" అని పక్క కొట్టువాళ్ళు ధైర్యం చెప్పారు. కొంత వరకు దొరుకుతుంది. బోర్డరు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వ్యాపారికి వేసిన బిల్లులు, అంటే 37తో మొదలయ్యే జీఎస్టీ నంబర్లవి, మన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో ఒక్కొక్కటీ దొరికాయి. బరంపురం నుంచి కొన్న సరుకు, కొనుగోళ్ళు చూపించే జీఎస్టీఆర్-2బీలో కనబడింది. కానీ కాశీనగర్ వైపు నుంచి, ఆర్.ఉదయగిరి వైపు నుంచి వచ్చి రేకులు, సిమెంటు పట్టుకెళ్ళి పంట చేతికొచ్చాక ఇచ్చేవాళ్ళకి జీఎస్టీ నంబరు ఎక్కడిది? వాళ్ళ అమ్మకాలన్నీ రేటు వారీగా కలిపి ఒక మొత్తంగా చూపిస్తాం. పోర్టల్‌కి ఆ అమ్మకం తెలుసు, బాకీ తెలీదు. ఎవరు ఎంత ఇవ్వాలన్నది ఆ కొట్టులో ఒక్క టాలీలోనే ఉంది.

చివరికి కాపాడింది ముసలి గుమాస్తా గారి చిత్తు పుస్తకం. కంప్యూటర్ మీద నమ్మకం లేక ఆయన అరువు పద్దులు విడిగా రాసుకునేవారు, మేమంతా నవ్వుకునేవాళ్ళం. దాన్ని పట్టుకుని మళ్ళీ ఎక్కించడానికి మూడు వారాలు పట్టింది. దొరకని పద్దులు దొరకలేదు.

ఇదంతా చూశాక నాకు ఒక్క ప్రశ్నే ముఖ్యమనిపించింది. తాళం వేసేవాడు లోపలికి వచ్చిన గంటలో ఆ కాపీ కంప్యూటర్‌కి తగిలి ఉందా, లేదా? ఎంత జాగా, ఎంత ధర, ఎంత వేగం అన్నవన్నీ దీని తర్వాతే. ఇలా ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే ప్రోగ్రాం, అదే ర్యాన్సమ్‌వేర్, సి డ్రైవ్, డి డ్రైవ్ అని చూడదు. కంప్యూటర్‌కి కనబడే ప్రతి డ్రైవ్‌నీ, నెట్‌వర్క్‌లో రాయడానికి అనుమతి ఉన్న ప్రతి ఫోల్డర్‌నీ తాళం వేసుకుంటూ పోతుంది. విండోస్ తనంతట తాను దాచుకునే పాత కాపీలను చాలా రకాలు ముందే చెరిపేస్తాయి. ఇంకో సంగతి, చాలాసార్లు వాడు ఆ రోజే రాడు. ముందే దూరి, చుట్టూ చూసుకుని, ఏ శనివారం రాత్రో పని మొదలుపెడతాడు. కాబట్టి నిన్నటి కాపీ ఒక్కటే ఉంటే చాలదు, పోయిన వారానిది, పోయిన నెలది కూడా ఉండాలి.

పెన్‌డ్రైవ్ సంగతి పైన చూశారు. పైగా అదే పెన్‌డ్రైవ్ ప్రింటుకని జిరాక్సు కొట్టుకీ వెళ్తుంది, వచ్చేటప్పుడు ఏం మోసుకొస్తుందో తెలీదు. దాన్ని లెక్కలోంచి తీసేద్దాం.

కొట్టులోనే రెండో కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవడం, లేదా నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె, అదే నాస్ కొనుక్కోవడం: మూడు నాలుగు కంప్యూటర్లున్న మిల్లులకి సౌకర్యమే. కానీ అదీ తగిలే ఉంటుంది. 2017 మేలో వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఒక కంప్యూటర్ నుంచి పక్కదానికి నెట్‌వర్క్ మీదే పాకింది. దాన్ని ఆపే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్ళు దొరికిపోయారు. ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని పడ్డాయి. ఇక 2022లో డెడ్‌బోల్ట్ అని ఒకటి ఏకంగా నాస్ పెట్టెల కోసమే వచ్చింది.

నెలకింత అని కట్టి టాలీనే బయటి సర్వర్‌లో నడుపుకునే పద్ధతి ఒకటుంది. ఇక్కడో కొట్టు, పాతపట్నంలో ఇంకో కొట్టు ఉన్నవాళ్ళు చూసుకోవచ్చు. అప్పుడు కూడా మీ చేతిలో మీ కాపీ ఒకటి ఉండాలి, సర్వరువాడి ఇల్లు కాలితే మనది కూడా కాలుతుంది.

మిగిలినవి రెండే: క్లౌడు, విడి హార్డ్ డిస్కులు.

క్లౌడులో అందరూ చేసే పొరపాటు ముందు చెప్తాను. గూగుల్ డ్రైవ్ గానీ వన్‌డ్రైవ్ గానీ కంప్యూటర్‌లో వేసుకుని, టాలీ డేటా ఫోల్డర్‌ని నేరుగా అందులో పెట్టేస్తారు. ఒక పక్క బిల్లులు కొడుతుంటే ఇంకో పక్క అవే ఫైళ్ళు పైకి ఎక్కుతుంటాయి, ఈ లాగులాటలో డేటా చెడిపోవడం నేను రెండు చోట్ల చూశాను. అసలు సమస్య ఇంకోటి. సింక్ అంటే ఇక్కడ ఏముంటే అక్కడ అదే. ఇక్కడ ఫైలుకి తాళం పడితే అక్కడికి వెళ్ళేదీ తాళం పడిన ఫైలే.

అయితే క్లౌడుకి పెన్‌డ్రైవ్‌కి లేని తెలివి ఒకటుంది, పాత వెర్షన్లు దాస్తుంది. గూగుల్ డ్రైవ్ ఇలాంటి ఫైళ్ళ పాత వెర్షన్లను మామూలుగా 30 రోజులు లేదా 100 వెర్షన్ల వరకు ఉంచుతుంది. మైక్రోసాఫ్ట్ 365 డబ్బు కట్టి వాడేవాళ్ళయితే వన్‌డ్రైవ్ మొత్తాన్ని గత 30 రోజుల్లో ఏదో ఒక రోజుకి వెనక్కి తిప్పుకోవచ్చు. కాబట్టి క్లౌడు పనికిరాదని నేననను. డేటా ఫోల్డర్‌ని కాకుండా, టాలీప్రైమ్‌లో ఆల్ట్+వై నొక్కి తీసిన బ్యాకప్‌ని తారీకు పేరున్న ఫోల్డర్‌లో వేసి ఎక్కించండి. మామూలు కొట్టు బ్యాకప్ కొన్ని వందల ఎంబీ దాటదు, గూగుల్ ఊరికే ఇచ్చే 15 జీబీలో చాలా వారాలవి పడతాయి. బ్రౌజర్‌లో ఎక్కించి లాగౌట్ అయిపోతే తగిలి ఉండడమన్న బెడదా తగ్గుతుంది.

కానీ ఆ జీమెయిల్ ఎవరిది? నేను చూసిన సగం కొట్లలో అది గుమాస్తాది. అతను మానేసి విశాఖ వెళ్ళిపోతే లెక్కలూ అతనితోనే వెళ్తాయి, ఓటీపీ అతని ఫోనుకే వస్తుంది. యజమాని పేరు మీద, యజమాని ఫోను నంబరుతో, రెండంచెల లాగిన్ పెట్టుకుని తెరవండి. కంపెనీగా రిజిస్టరైనవాళ్ళకి సర్వర్‌లో బ్యాకప్ ఇష్టాయిష్టాల సంగతి కాదు. 2022 ఆగస్టు సవరణ తర్వాత వాళ్ళ ఎలక్ట్రానిక్ లెక్కల బ్యాకప్ రోజూ మన దేశంలో ఉన్న సర్వర్‌లో పడాలి, ఆడిటర్‌ని అడగండి.

ఇక డిస్కులు. నా మొగ్గు ఇటే, దాచడం ఎందుకు. బయట తగిలించే హార్డ్ డిస్కులు రెండు, ఒకటి నలుపు, ఒకటి నీలం. రంగు వేరుగా ఉండాలని పట్టుబట్టాను, ఎందుకంటే "మొదటిది, రెండోది" అని స్టిక్కరు అంటిస్తే నెలలో ఊడిపోతుంది. ఈ వారం నల్లది కొట్టులో ఉంటే నీలంది షావుకారు గారి ఇంట్లో బీరువాలో. రోజూ కొట్టు కట్టేముందు తగిలించి, బ్యాకప్ తీసి, పీకేసి డ్రాయరులో పెట్టాలి. శనివారం రెండూ మారాలి. ఆ ఇనుము కొట్టుకి వచ్చిన ఆపదే మళ్ళీ వచ్చిందనుకోండి. తగిలించి ఉన్న ఆ పది నిమిషాల్లోనే తాళం పడినా, ఇంట్లో ఉన్న డిస్కు జోలికి వాడు రాలేడు. ఎంత తెలివైనవాడైనా బీరువాలో ఉన్నదాన్ని విశాఖ నుంచో విదేశాల నుంచో తెరవలేడు. పాత సంవత్సరాల కాపీలూ ఒకే చోట ఉంటాయి. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి కదా, అదీ తీరుతుంది. డిస్కు పోతే ఎవరి చేతిలో పడుతుందో అన్న భయముంటే విండోస్ ప్రో ఉన్నవాళ్ళు డిస్కుకి మనమే తాళం వేసుకునే బిట్‌లాకర్ పెట్టుకోండి, ఆ రికవరీ కీ మాత్రం కాగితం మీద రాసి వేరే చోట ఉంచండి.

డిస్కులకి తక్కువేమిటంటే, ఇల్లూ కొట్టూ ఒకే ఊళ్ళో ఉంటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లా ఎలా అయిందో ఇక్కడివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అంత నీళ్ళలో, గాలిలో బీరువా ఏపాటి? అలాంటి రోజుకి క్లౌడే దిక్కు. కాకపోతే కరెంటూ సిగ్నలూ లేకపోతే క్లౌడులో ఉన్నదాన్ని అందుకోలేం, డిస్కుంటే బ్యాటరీ లాప్‌టాప్‌లో బాకీల లిస్టయినా చూసుకోవచ్చు. అందుకే నెలాఖరుకి ఒక కాపీ క్లౌడులో కూడా వేయమంటాను, ముందు డిస్కులు, వెనకాల క్లౌడు. పనిలో పనిగా బాకీల లిస్టు నాలుగు కాగితాలు ప్రింటు తీసి పెట్టుకోండి. గుమాస్తా గారి పుస్తకం చూశాక కాగితాన్ని నేను వెక్కిరించడం మానేశాను.

మధ్యలో యాంటీవైరస్ కొంటే చాలదా అని అడిగేవాళ్ళకి: విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, ముందు దాని సంగతి చూడండి. రిమోట్ డెస్క్‌టాప్ ఇంటర్నెట్‌కి తెరిచి ఉంటే మూయించండి. లైసెన్సు లేని క్రాక్ టాలీ వాడేవాళ్ళతో నేను మాట్లాడను. బ్యాంకులో డబ్బే పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి, తాళం పడిన లెక్కలు మాత్రం ఆ నంబరు తిరిగి తేదు.

డిస్కుల పద్ధతిలో అసలు బలహీనత తుఫాను కాదు, శనివారం. నెలకోసారి ఇంట్లో ఉన్న డిస్కుని తెప్పించి, నెట్ తీసేసిన నా లాప్‌టాప్‌లో రీస్టోర్ చేసి, చివరి బిల్లు నంబరు, నగదు నిల్వ చూస్తాను. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే. పోయిన నెల ఆ ఇనుము కొట్టు నీలం డిస్కులో చివరి బిల్లు 25 రోజుల కిందటిది. మూడు శనివారాలు మారలేదన్నమాట. అడిగితే షావుకారు గారు, "ఇంట్లో పెళ్ళి తమ్ముడూ, ఎవరికి గుర్తుంటుంది?" అన్నారు. అప్పట్నుంచి డిస్కులు మార్చే పని ఆయన చిన్నమ్మాయి తీసుకుంది. శనివారం సాయంత్రం ట్యూషన్‌కి వెళ్తూ కొట్టు దగ్గర ఆగి నల్లది ఇచ్చి నీలంది పట్టుకెళ్తోంది.