సాపేక్ష గమనం వీడియో కోర్సు: మూడో పాఠం కోసం తీసుకోవచ్చు

మా అమ్మాయికి సాపేక్ష గమనం (కదిలేవాళ్లకి మిగతావి ఎటు, ఎంత వేగంతో కదులుతున్నట్టు కనిపిస్తాయన్న లెక్క) అంటే టెన్షన్. వేగాలు ఎప్పుడు కూడాలి, ఎప్పుడు తీసెయ్యాలి అన్నదగ్గరే ఆగిపోయేది. "ఎదురొస్తే ప్లస్, ఒకే వైపు వెళ్తే మైనస్, అంతే కదా నాన్నా" అని బట్టీ పట్టేసింది. దిశ కాస్త పక్కకు తిరిగితే చాలు, చేతులెత్తేసేది. అందుకే ఈ కోర్సు తీసుకుని రెండు వారాలు నేనూ పక్కన కూర్చున్నాను.

మొదటి రెండు పాఠాలు వదిలేయండి. ఫార్ములా రాసి అంకెలు వేయించడమే.

అసలు సరుకు మూడో పాఠంలో ఉంది. తెర మీద రెండు రైళ్లు. ఒకటి సెకనుకు 20 మీటర్లు, ఎదురొచ్చేది 15. కింద 'ఎవరి కళ్లతో చూస్తారు?' అని ఒక బటన్. మొదటి రైలును ఎంచుకుంటే అది ఉన్నచోటే నిలబడిపోతుంది. పట్టాలు, కరెంటు స్తంభాలు 20తో వెనక్కి పరిగెడతాయి, ఎదుటి రైలు 35తో మీదికొస్తుంది. ఓ పదిసార్లు నొక్కాక మా అమ్మాయే అంది: "అంటే అందరి వేగంలోంచీ నా వేగం తీసేస్తున్నానన్నమాట!" ఎదుటి రైలు వచ్చేది వ్యతిరేక దిశలో కాబట్టి దాని వేగం మైనస్ 15 కదా, అందులోంచి 20 తీసేస్తే మైనస్ 35. ఎప్పుడూ తీసివేతే. ప్లస్సా మైనస్సా అన్న గొడవే లేదు.

పడవ పాఠమూ బాగుంది. నది వెడల్పు 200 మీటర్లు, నీటి మీద పడవ వేగం సెకనుకు 5 మీటర్లు, ప్రవాహం 3. పడవ ముక్కు నేరుగా అవతలి ఒడ్డుకు పెడితే 40 సెకన్లలో దాటుతుంది కానీ 120 మీటర్లు కిందికి కొట్టుకుపోతుంది. సరిగ్గా ఎదుటి రేవుకే చేరాలంటే ముక్కును ప్రవాహానికి ఎదురు తిప్పాలి, అప్పుడు 50 సెకన్లు. పడవను మనమే తిప్పి చూడొచ్చు.

వాన పాఠం మాత్రం తప్పు. నడిచే మనిషికి వాన ముందు నుంచి ఏటవాలుగా కొట్టాలి. బొమ్మలో వెనక నుంచి కొడుతోంది, గొడుగేమో ముందుకు వంచి ఉంది. పాపం, నిలువునా తడుస్తున్నాడు! రాసి పంపితే "మీ సూచనకు ధన్యవాదాలు" అన్నారు. బొమ్మ ఇంకా అలాగే ఉంది.

గెలీలియో 1632లో చెప్పిన ఓడ గది సంగతి చివర్లో పెట్టారు. కుదుపు లేకుండా ఒకే వేగంతో పోయే ఓడలో, మూసిన గదిలో సీసాలోంచి కారే చుక్క నిట్టనిలువుగా కింది గిన్నెలోనే పడుతుంది. ఓడ కదులుతోందో ఆగిందో దాన్ని చూసి చెప్పలేం. ఇది మొదటి పాఠం కావాల్సింది.

ఐదుకు మూడు చుక్కలు. వాన బొమ్మ సరిచేస్తే నాలుగు.