అటక మీది నుంచి దించిన మూడు పాలసీసాలు

మా చెల్లెలు పురిటికి తెనాలిలోని పుట్టింటికి వచ్చినప్పుడు, మా అమ్మ అటక మీది ట్రంకుపెట్టె దింపించి, ఒకప్పుడు నా పిల్లలు తాగిన ప్లాస్టిక్ పాలసీసాలు మూడింటిని బయటికి తీసింది. చెల్లెలికి పాలు చాలకపోవడంతో డాక్టరు సలహా మీద కొన్నాళ్లు డబ్బాపాలు కూడా పట్టవలసి వచ్చింది కనుక, వాటిని మళ్లీ వాడవచ్చునా అన్నది ఆ రోజే తేల్చుకోవలసిన విషయమైంది. ఒక మధ్యాహ్నమంతా ఆ సీసాలను కిటికీ వెలుతురులో తిప్పి చూసి, ఒక్కొక్క దాని గురించి నేను చేరుకున్న అభిప్రాయాన్ని ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది 2008లో మా పెద్దబ్బాయి పుట్టినప్పుడు మా బావగారు అమెరికా నుంచి తెచ్చినది. మూడింటిలోకీ చూడముచ్చటగా ఉన్నది అదే. గాజులా తళతళలాడుతూ, గోటితో తడితే గట్టిగా మోగుతూ, నిన్న కొన్నట్లుంది. ‘ఇంత బాగున్నదాన్ని పారేయడం దేనికే? బాగా మరిగించి పట్టేస్తే సరిపోతుంది’ అంది అమ్మ. కానీ బోర్లించి చూస్తే అడుగున, ప్లాస్టిక్ ఏ రకమో తెలిపే త్రికోణపు గుర్తులో 7 అంకె, దాని కింద ‘పీసీ’ అన్న అక్షరాలు కనిపించాయి. అంటే అది పాలీకార్బొనేట్. ఆ ప్లాస్టిక్‌ను బిస్‌ఫినాల్-ఏ అనే రసాయనంతో తయారుచేస్తారు. శరీరంలో ఈస్ట్రోజెన్ హార్మోను చేసే పనిని కొంతవరకు అనుకరించే ఆ పదార్థం, వేడి తగిలినప్పుడు సీసా గోడల నుంచి కొద్దికొద్దిగా లోపలి ద్రవంలోకి దిగుతుంది.

అమ్మ చెప్పిన మరిగించడమే ఇక్కడ అసలు చిక్కు. అమెరికాలో సిన్సినాటి విశ్వవిద్యాలయం వారు 2008లో ప్రచురించిన పరిశోధనలో, మరిగే నీళ్లు తగిలిన తరవాత పాలీకార్బొనేట్ సీసాల నుంచి ఆ రసాయనం అంతకుముందు కంటే 15 నుంచి 55 రెట్లు వేగంగా విడుదలైంది. సీసా పాతదా కొత్తదా అన్నదానికంటే నీటి వేడే ఎక్కువ తేడా చూపిందని ఆ పరిశోధకులు గమనించారు. ఇటువంటి పాలసీసాలను కెనడా 2010లోనూ, ఐరోపా సమాఖ్య 2011లోనూ, అమెరికా 2012లోనూ ఆపేశాయి. మన దేశంలో 2015 నాటి భారతీయ ప్రమాణం కూడా పాలసీసాల తయారీలో పాలీకార్బొనేట్‌ను నిషేధించింది. రోజూ శరీరంలోకి వెళ్లినా ఫరవాలేదనుకునే మోతాదును ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో ఏకంగా ఇరవై వేల రెట్లు తగ్గించిందంటే, ఈ విషయంలో శాస్త్రజ్ఞుల ఆందోళన తగ్గకపోగా పెరిగిందని అర్థమవుతుంది. అయితే 7 అంకె కనబడగానే ప్రతి సీసానూ అనుమానించనవసరం లేదు. మిగిలిన అంకెల కిందికి రాని ప్లాస్టిక్‌లన్నిటికీ అదే గుర్తు వేస్తారు. పక్కన ‘పీసీ’ అని ఉన్నా, లేక ఆ కాలంలో కొన్న గాజులాంటి గట్టి సీసా అయినా నేను మాత్రం వాడను.

రెండవది మా అమ్మాయి కోసం 2016లో కొన్నది. పాలమీగడ రంగులో మసకగా, నొక్కితే కాస్త లొంగుతూ, మొదటిదాని పక్కన పెడితే వెలవెలబోయేటట్లున్న ఈ సీసాకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. అడుగున 5 అంకె, ‘పీపీ’ అన్న అక్షరాలు, ఐఎస్ఐ గుర్తు స్పష్టంగా ఉన్నాయి. పీపీ అంటే పాలీప్రొపిలీన్. దాని తయారీలో బిస్‌ఫినాల్-ఏ అవసరం లేదు. అలాగని దీనికి ఏ దోషమూ లేదనను. 2020లో డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల పరిశోధకులు ఇటువంటి సీసాల్లో వేడినీళ్లతో పాలు కలిపినప్పుడు లీటరుకు లక్షల సంఖ్యలో, కొన్నిటిలో కోటికి పైగా, సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు రాలడం చూశారు. నీటి వేడి పెరిగేకొద్దీ ఆ సంఖ్య బాగా పెరిగింది. అందువల్ల మా ఇంట్లో పాలపొడిని కాచిన నీళ్లతో స్టీలు గిన్నెలోనే కలిపి, గోరువెచ్చగా అయ్యాక సీసాలో పోయడం మొదలుపెట్టాం. నీళ్లు మరీ చల్లారకముందే, కనీసం 70 డిగ్రీల వేడి ఉండగానే పొడి కలపాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనను కూడా ఈ పద్ధతిలో పాటించవచ్చు.

ఆ సీసా లోపల సెల్‌ఫోను దీపం వేసి చూసినప్పుడు, మెడ మలుపు దగ్గర బ్రష్షు తీగ గీసిన రెండు సన్నని గీతలు కనబడ్డాయి. గోరు ఆనిస్తే తగిలేంత లోతు లేదు కాబట్టి ఉంచాను. లోతైన గీతల్లో పాలజిడ్డు చేరితే ఎంత కడిగినా సూక్ష్మక్రిములు పోవు. కొలత గీతలు చెరిగిపోయినా సీసా తీసేయడమే మంచిది, ఎందుకంటే నీళ్లు ఎక్కువైనా తక్కువైనా నష్టపోయేది బిడ్డే. పాలపీక విషయంలో మాత్రం ఆలోచించనే లేదు. పాత రబ్బరు పీక వేళ్లకు జిగటగా అంటుకుంటోంది, అందుకని కొత్తది కొన్నాం.

మూడవదాని మీద ఏ అంకె గానీ, ఐఎస్ఐ గుర్తు గానీ, తయారీదారు పేరు గానీ లేవు. పాలసీసాలకు ఆ ప్రామాణిక ముద్ర ఉండి తీరాలని పాలసీసాలు, శిశు ఆహారాలకు సంబంధించిన మన 1992 చట్టం చెబుతోంది కనుక దాన్ని వెంటనే పక్కన పడేశాను.

పగటిపూట మాత్రం అమ్మ వెండి ఉగ్గుగిన్నెతోనే పడుతోంది. మూలలూ మరలూ లేని గిన్నెను శుభ్రం చేయడం తేలిక, పిల్లల డాక్టరు కూడా సీసా కంటే గిన్నే మేలన్నారు. ఇక ఆ అమెరికా సీసాను, ఎవరికైనా పనికొస్తుందని మావాళ్లు ఇంట్లో పని చేసే అమ్మాయికి ఇవ్వబోయారు. ఆమెకూ ఏడాది నిండని కొడుకున్నాడు. మా పిల్లకు వద్దనుకున్నది ఆ పిల్లవాడికి ఎలా ఇస్తామని చెప్పి, అడుగున వేడి చేసిన మేకుతో రంధ్రం చేసి, అప్పుడు చెత్తబుట్టలో వేశాను.