స్లైడ్ షీట్: లాగడానికని కొన్నాను, ఆయన తోసుకోవడానికి పనికొచ్చింది

స్లైడ్ షీట్ అంటే ఏమిటో మంచం పట్టిన మనిషిని చూసుకునేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మంచం మీద మనిషిని జరపడానికి ఒంటి కింద వేసే జారుడు నైలాన్ బట్ట, ఒక పొర మీద ఇంకో పొర జారుతుంది, అంతే. మా ఆయనకు పక్షవాతంతో ఎడమ కాలు, ఎడమ చెయ్యి స్వాధీనంలో లేవు. మనిషి నాకంటే బాగా బరువు. పగలైనా రాత్రైనా ఇంట్లో చూసుకునేది నేనొక్కదాన్నే. చాలాకాలంగా రోజూ వాడుతున్నాను కాబట్టి కవర్ మీద రాయని సంగతులే రాస్తాను.

ముందు నా కోపం. దీంతోపాటు వచ్చిన కాగితంలో ఏ బొమ్మ చూసినా ఇద్దరుంటారు. మంచానికి అటొకరు, ఇటొకరు నిలబడి హాయిగా పైకి జరిపేస్తుంటారు. ఒక్కరే ఉంటే ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు. ఒకవైపు నుంచే లాగితే మనిషి మంచం మీద ఐమూలగా తయారవుతారు. పోనీ చంకల్లో చేతులేసి లాగుదామా అంటే అది అసలే కూడదు. పక్షవాతం వచ్చిన భుజంలో కండరాలకు పట్టుండదు, లాగితే కీలు జారొచ్చు.

దీని అసలు ఉపయోగం ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు చూపించింది. తలవైపు ఎత్తి కూర్చోబెడితే ఆయన కాసేపటికి కిందకి జారిపోతారు. ఆ అమ్మాయి వచ్చేసరికి అలాగే జారి ఉన్నారు. తను మంచాన్ని పూర్తిగా చదును చేసింది. తలగడ తీసి, తల తగలకుండా మంచం తలపట్టెకు ఆనించి నిలబెట్టింది. షీటును ఒంటి కింద మొత్తం పరవలేదు, భుజాల నుంచి పిరుదుల దాకానే సర్దింది. కుడి మోకాలు మడిచి, పాదాన్ని మాత్రం షీటు బయట, మామూలు దుప్పటి మీద ఆనించింది. ఎడమ చెయ్యి పొట్ట మీద పెట్టించింది. యూరిన్ బ్యాగు గొట్టం ఎక్కడా చిక్కుకోలేదని చూసుకుంది. అప్పుడు, "అంకుల్, గడ్డం ఛాతీకి ఆనించండి. ఇప్పుడు మడమతో పరుపును గట్టిగా తొక్కండి" అంది.

ఆయన తొక్కారు. మనిషి సాఫీగా పైకి జరిగిపోయారు. ఆ అమ్మాయి పాదం జారకుండా పట్టుకుంది తప్ప ఇంకెక్కడా చెయ్యి వెయ్యలేదు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన, "ఏంటే అలా చూస్తావ్, నేనే జరిగాను" అన్నారు. మంచం పట్టిన దగ్గర్నుంచీ ఆయన్ని ఎవరో ఒకరు జరపడమే. తనంతట తను జరగడం అదే మొదటిసారి. ఇప్పుడు నేను షీటు సర్దుతుంటేనే మోకాలు మడిచేసుకుంటారు. నాకు తొందరగా ఉన్నా సరే, ఆ పని నన్ను చెయ్యనివ్వరు.

చర్మం సంగతి కూడా అప్పుడే అర్థమైంది. షీటు లేకుండా ఈడిస్తే చర్మం దుప్పటికి అతుక్కుని అక్కడే ఉంటుంది, లోపల ఎముక మాత్రం జరుగుతుంది. ఆ రెంటి మధ్య కండ నలిగి పుండుకు దారితీస్తుంది. మా ఆయనకు నడుం కింద ఎముక దగ్గర ఎప్పుడూ కనిపించే ఎరుపు ఇప్పుడు చాలావరకు తగ్గింది. అయినా రోజూ వేలితో నొక్కి చూస్తాను. నొక్కినప్పుడు తెల్లబడి మళ్లీ రంగు వస్తే పర్లేదు. తెల్లబడకపోతే అది తగ్గేదాకా ఆ వైపు బరువు పడనివ్వను, నర్సుకు ఫోన్ చేస్తాను. చామనచాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా తెలియదు కాబట్టి వేడిగా ఉందా, గట్టిపడిందా అని తడిమి కూడా చూడాలి.

కొత్తలో ఈ షీటు వల్ల నా నడుంనొప్పి పోయిందని కనిపించినవాళ్లందరికీ చెప్పాను. నిజానికి అందులో సగం మంచానిది. మా మంచం ఎత్తు పెంచొచ్చు, నా నడుం దాకా లేపుకుని పని చేస్తాను. ఎత్తు మారని మంచం అయ్యుంటే వంగి వంగి చెయ్యాల్సివచ్చేది, ఇంత సుఖం ఉండేది కాదేమో.

పక్కకు ఒత్తిగించడంలో దీని సాయం సగమే. షీటుతో ఆయన్ని నావైపు అంచుకు జరుపుకుంటాను, ఆ వైపు రెయిలింగ్ ఎత్తేస్తాను, చుట్టూ తిరిగి వెళ్లి భుజం మీద, తుంటి మీద చేతులేసి నావైపుకు తిప్పుకుంటాను. అవతలికి నెట్టడం ఒంటరిగా ఎప్పుడూ చెయ్యను. పూర్తి పక్కకు కాకుండా 30 డిగ్రీలు వాలేలా వీపు వెనక దిండు పెడితే తుంటి ఎముక మీద బరువంతా పడదు. పిక్కల కింద ఇంకో దిండు పెడితే మడమలు గాల్లో ఉంటాయి. మాది ఎయిర్ బెడ్, అంటే పుండ్లు పడకుండా పంపుతో గాలి నింపే పరుపు. ముందు పంపును గట్టి మోడ్‌లో పెట్టకపోతే మనిషి పరుపులో కూరుకుపోతారు, షీటు జారదు. (ఎయిర్ బెడ్ ఉంటే ఒత్తిగించక్కర్లేదనేవాళ్ల మాట వినకండి.)

అసలు విసుగు షీటు తీసేటప్పుడు. తిన్నగా పీకితే మళ్లీ చర్మాన్ని ఈడ్చినట్టే. ఒక మూలను లోపలికి మడిచి, బట్ట మీదే బట్ట జారేలా నెమ్మదిగా లాగాలి. అలాగని ఒంటి కింద వదిలెయ్యడానికీ లేదు. తలవైపు ఎత్తగానే మనిషి కాళ్ల వైపుకు జారిపోతారు, అంచు నుంచి కిందపడ్డా పడొచ్చు. అందుకే అది బయటికొచ్చేదాకా రెయిలింగ్ దించి పక్కకు వెళ్లను, తలవైపు ఎత్తను. తీశాక నేల మీద పడెయ్యకండి, కాలేస్తే మనమే జారిపడతాం.

కొనమంటావా అంటే, మా ఆయనకు చెప్పింది అర్థమవుతుంది, ఒక కాల్లో సత్తువుంది, మంచం ఎత్తు మారుతుంది. ఈ మూడూ ఉన్నాయి కాబట్టే నాకింత నచ్చింది. జ్వరంగా, మగతగా ఉన్న రోజున ఆయన తొయ్యలేరు, ఆ రోజు నేనొక్కదాన్నే పైకి లాగే పని పెట్టుకోను, పక్కింటివాళ్లను సాయం పిలుస్తాను. అసలు సహకరించలేని మనిషిని ఒక్కరే చూసుకుంటుంటే దీన్ని నమ్ముకోకుండా హాయిస్ట్ (మనిషిని ఎత్తి జరిపే యంత్రం) గురించి అడగండి.

మా దాని అంచు కుట్టు ఊడుతోంది, ఇంకోటి కొనాలి. ఇది గొట్టంలా కుట్టిన రకం, ఒక దిశలోనే బాగా జారుతుంది. పైకి జరగడానికి పరిస్తే పక్కకు మొండికేస్తుంది, తీసి అడ్డంగా వేసుకోవాలి. ఈసారి విడివిడి షీట్ల జత తీసుకుందామనుకుంటున్నాను. తీయడం ఇంకాస్త కష్టమైతే మాత్రం మళ్లీ దీనికే వస్తాను.