బర్నౌట్: హయబూసాకి ఎక్కువ దెబ్బా, ఇంటర్‌సెప్టర్‌కా?

ముందు బ్రేకు పట్టి, ఉన్నచోటే వెనక చక్రం తిప్పి పొగ లేపితే ఏ బండికైనా అరుగుదల తప్పదు. 1340 సీసీ సుజుకి బైకు హయబూసాలో ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారకుండా చూసే ఏర్పాటు) ఆపేస్తే చక్రం ఇట్టే జారుతుంది, క్లచ్ మీద భారం తక్కువ. బలయ్యేది టైరు. 190 సెక్షన్ (190 మి.మీ. వెడల్పు) టైరు నడిమధ్య బల్లపరుపుగా అరిగిపోతుంది. ఆ ఫలితం తర్వాత మలుపులో బండి వంచినప్పుడు తెలుస్తుంది. కొత్త టైరు ధర తలచుకుంటేనే నాకు టెన్షన్.

648 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ బైకు ఇంటర్‌సెప్టర్‌తో అయితే ఈ పని అసలు వద్దంటాను. టైరు సన్నం, చవక, నిజమే. కానీ ఉన్నది 47 హార్స్‌పవరే కాబట్టి చక్రం జారేదాకా క్లచ్‌ని సగంలో పట్టుకోవాలి, ప్లేట్లు మాడిన వాసన వస్తుంది. పైగా రేడియేటర్ లేదు. ఇంజిన్‌ని చల్లబరచాల్సింది గాలీ ఆయిలే. నిలబడ్డ బండికి గాలెక్కడిది?

చైను, స్ప్రాకెట్లకు రెండు బళ్లలోనూ ఒకటే గతి.