ఫోన్‌కి తగిలించే ‘60 ఎక్స్’ క్లిప్ మైక్రోస్కోప్: మామిడి మాను మీది బెరడు పేలతో పరీక్ష

మూడు నాలుగు వందల రూపాయల్లో దొరికే ఈ పరికరం చాలామంది చూసిందే. బట్టల క్లిప్పు లాంటి పట్టు, దాని మీద చిన్న లెన్సు గొట్టం, పక్కన తెల్ల ఎల్‌ఈడీలు, దొంగనోట్లు చూసుకోడానికి ఒక ఊదారంగు దీపం. నాణేలకీ నగలకీ అని అమ్ముతారు. పురుగులకు పనికొస్తుందా అన్నది ఇక్కడ సంగతి. అందులోనూ బెరడు పేలకు. చిత్తూరు వైపు తోతాపురి తోపుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక మాను మీద మందలా మేస్తూ, చెయ్యి దగ్గరికి రాగానే తలో దిక్కుకు జారుకునే చిన్న గోధుమరంగు పురుగులు అవే. వాటినే ఎంచుకోవడానికి కారణం ఉంది. వీటిలో చాలావాటి ఒళ్లు 1 నుంచి 6 మిల్లీమీటర్ల లోపే. గుర్తుపట్టడానికి చూడాల్సిన కణుపులు, ఈనెలు అంతకన్నా చాలా చిన్నవి. వీటి ముందు నిలబడ్డ లెన్సు తోటలోని ఏ పురుగు ముందైనా నిలబడుతుంది.

తీర్పు ముందే చెప్పేద్దాం. వర్గీకరణలో ఉపక్రమం అనే పెద్ద గుంపు దాకా బాగానే తీసుకెళ్తుంది, కుటుంబం దగ్గర సగం దారిలో దించేస్తుంది, జాతి జోలికి మాత్రం పోలేదు. ఐదుకి మూడు.

పేరులో పేను ఉంది గానీ ఇవి కరవవు, రక్తం తాగవు, చెట్టు రసం పీల్చవు. బెరడు మీద పట్టిన పాచి, బూజు, లైకెన్, వాటి బీజాలు గీకి తింటాయి. చెట్టుకు నష్టం లేదు. అయినా తలలో పేలకు ఇవి నిజంగానే దాయాదులు. ఒకప్పుడు బెరడు పేలనూ పుస్తకాల పేలనూ కలిపి సోకాప్టెరా అని వేరే క్రమంగా ఉంచేవాళ్లు. రక్తం తాగే పేలు ఈ గుంపు లోపలి నుంచే చీలాయని తేలాక రెండింటినీ కలిపి సోకోడియా అనే ఒకే క్రమం చేశారు. పరాన్నజీవి పేలను పక్కన పెట్టినా ఇందులో ఇప్పటికి 5,000కు పైగా జాతులకు పేర్లున్నాయి.

మొదటి పని, చూస్తున్నది బెరడు పేనేనా అని తేల్చుకోవడం. చిత్తూరు రైతుకు ఇది డబ్బుతో ముడిపడ్డ ప్రశ్న. ఎందుకంటే మామిడి తేనెమంచు పురుగు కూడా పూత లేని రోజుల్లో మాను పగుళ్లలోనే తలదాచుకుంటుంది. పూతకు ముందు మాను మీద ఏదో కదిలితే ఇమిడాక్లోప్రిడ్ డబ్బా బయటికి వస్తుంది. పైన పాకుతున్నవి బెరడు పేలైతే ఆ మందు ఖర్చు గాలికి పోయినట్టే. ఈ తేడా పట్టడానికి పరికరం నూటికి నూరుపాళ్లు సరిపోతుంది. తేనెమంచు పురుగు గూటం ఆకారంలో, ముందు వెడల్పుగా వెనక కోసుగా ఉంటుంది. మీసాలు వెంట్రుక ముక్కల్లా కనీకనపడకుండా ఉంటాయి. తాకితే టక్కున ఎగురుతుంది. బెరడు పేనుకు మీసాలు దారాల్లా పొడుగ్గా ఉంటాయి, చాలావాటిలో దాదాపు ఒంటి పొడవంత. నుదురు కింద, నోటి పైన, ఉబ్బిన బుగ్గలా ఒక భాగం ముందుకు పొడుచుకొస్తుంది. తలకీ రొమ్ముకీ మధ్య సన్నటి మెడ. రెక్కలుంటే పూరిపాక కప్పులా రెండు వైపులా వాలి ఉంటాయి. ఇవి ఎక్కువగా పరిగెడతాయి, ఎగరడం తక్కువ.

పేనుబంకతో పొరబడేవాళ్లు నోరు చూడాలి. పేనుబంకకు సూది లాంటి ముక్కు, వెనక రెండు చిన్న గొట్టాలు ఉంటాయి. బెరడు పేనుకు నమిలే దవడలే. చెదతో పొరబడటం పాత అలవాటు. 1758లో లిన్నేయస్ పుస్తకాల పేనును చెదల ప్రజాతి అయిన టెర్మిస్‌లోనే పెట్టాడు, కాబట్టి మనం మొహమాటపడక్కర్లేదు. చెద మీసం పూసల దండలా ఉంటుంది, రెక్కలు నాలుగూ ఒకే పొడవు. బెరడు పేనుకు ముందు రెక్కలు పెద్దవి, వెనక రెక్కలు చిన్నవి.

ఇక అసలు లెక్క. మూడింటిని లెక్కపెట్టాలి: మీసం కణుపులు, పాదం కణుపులు, రెక్క ఈనెల గీత.

మీసం కణుపులు 20కి మించితే ట్రోజియోమార్ఫా ఉపక్రమం. 12 నుంచి 17 దాకా ఉండి పాదానికి మూడు కణుపులుంటే ట్రోక్టోమార్ఫా వైపు చూడాలి. పుస్తకాల పేను, అంటే లిపోసెలిస్, ఇందులోదే, దానికి 15 కణుపులు. 13 కణుపులుండి, ముందు రెక్క పై అంచున గట్టిపడ్డ మసక మచ్చ కనిపిస్తే సోకోమార్ఫా. ఆ మచ్చను టెరోస్టిగ్మా అంటారు. మాను మీద మందలు కట్టేవాటిలో చాలాభాగం ఈ మూడో గుంపువే. క్లిప్ మైక్రోస్కోప్ ఇక్కడ మాట నిలబెట్టుకుంటుంది. సారాయిలో (అంటే ఇథనాల్‌లో) తడిసి చాచుకున్న మీసాన్ని రెండు మూడు ఫోటోల్లో ముక్కలుగా తీసి, ఫోన్‌లో పెద్దది చేసి లెక్కపెట్టొచ్చు. బతికున్న పురుగు మీద కుదరదు, మీసం ఒక్క క్షణం ఊరుకోదు.

రెండు చోట్ల లెక్క తప్పుతుంది. మీసాలు తేలిగ్గా విరుగుతాయి. చివరి కణుపు సన్నగా మొనదేలి ఉందో, మొద్దుగా తెగినట్టు ఉందో ముందు చూడాలి. మొద్దుగా ఉంటే రెండో మీసం లెక్కపెట్టాలి, అదీ తెగి ఉంటే ఇంకో పురుగు. రెండోది, పిల్ల పురుగుల పాదాలకు అన్ని గుంపుల్లోనూ రెండే కణుపులు. మూడు కణుపులు వచ్చే గుంపుల్లో కూడా అవి పెద్దయ్యాకే వస్తాయి. మందలో పిల్లలే ఎక్కువ. కాబట్టి పూర్తి రెక్కలున్నదాన్నో, నడినెత్తిన మూడు చిన్న కళ్లున్నదాన్నో ఏరుకోవాలి. ఆ కళ్లు లేని, రెక్కల మొగ్గలే ఉన్న పిల్ల పురుగు పాదం లెక్కపెట్టి రెండు అని రాసుకుంటే మిగతా దారి అంతా తప్పే.

పొలుసుల రెక్కలవి ఇంకో ఉచ్చు. సీతాకోకచిలుక రెక్కలా పొడి రాలే బెరడు పేలు రెండు కుటుంబాల్లో ఉన్నాయి. లెపిడోప్సోసిడే ట్రోజియోమార్ఫాలోది, ఆంఫియెంటోమిడే ట్రోక్టోమార్ఫాలోది. పరికరంలో రెండూ చిన్న చిమ్మటల్లాగే మెరుస్తాయి. పొలుసులు చూసి మురిసిపోకుండా మీసం లెక్కపెడితే చాలు, 20 దాటితే మొదటిది.

సోకోమార్ఫాలో కుటుంబం తేల్చేది రెక్క. ముందు రెక్క కింది అంచున, కొస వైపు, ఒక ఈనె విల్లులా వంగి చిన్న గది కడుతుంది. దాని పేరు ఏరియోలా పోస్టికా. ఆ విల్లు పైకెళ్లి మధ్య ఈనెను అంటుకుంటే సోసిడే, లేదా మయోప్సోసిడే. అంటకుండా విడిగా ఉంటే సిసీలియూసిడే లాంటివి, ఇవి ఎక్కువగా ఆకుల మీద దొరుకుతాయి. అసలు విల్లే లేకపోతే పెరిప్సోసిడే, ఎక్టోప్సోసిడే. ఈనెలు చూడటంలో ఈ పరికరం వెలకు మించి పనిచేస్తుంది. కిటుకు ఒకటే: పై దీపాలు ఆపేయాలి. రెక్కను గాజు పలక మీద సారాయి చుక్కలో పరిచి, పైన కవర్ స్లిప్ వేసి, పలక కింద తెల్ల కాగితం, ఆ కాగితం కింద ఇంకో ఫోన్ టార్చి. వెలుతురు కింది నుంచి వస్తే ఈనెలు గీతగీతగా విడిపోతాయి. పై నుంచి ఎల్‌ఈడీ పడితే రెక్క అద్దంలా మెరిసి అన్నీ మాయం.

చేతులెత్తేసేది సోసిడే, మయోప్సోసిడే మధ్య. రెండింటిలోనూ విల్లు మధ్య ఈనెకు అంటుకునే ఉంటుంది. మచ్చల రెక్కలు చూసి మయోప్సోసిడే అనేయాలనిపిస్తుంది గానీ సోసిడేలోనూ మచ్చలున్నవి ఉన్నాయి. తేల్చేది పాదమే, సోసిడేకు రెండు కణుపులు, మయోప్సోసిడేకు మూడు. ఆ మూడో కణుపు కీలు ఈ లెన్సులో పది ఫోటోలకు ఒకదాంట్లో కనిపిస్తే గొప్ప. అంచుల్లో బొమ్మ కరిగిపోతుంది, మధ్యలో కూడా లోతు చాలదు. ‘60’ అన్న అంకెను పెద్దగా నమ్మొద్దు. మిల్లీమీటరు గీతల స్కేలును ఒకసారి ఫోటో తీస్తే అసలు ఎంత మేర కనిపిస్తోందో తెలిసిపోతుంది. అదే అమరికలో పురుగును తీస్తే కొలతా దొరుకుతుంది. ఫోన్ జూమ్ కదిపితే స్కేలు మళ్లీ తీయాలి.

పరికరం లోపాలు ఇంకొన్ని. మందమైన ఫోన్ కవరు మీద క్లిప్పు సరిగ్గా కూర్చోదు, తీసేసి పెట్టాలి. రెండు మూడు కెమెరాలున్న ఫోన్లు దగ్గరి వస్తువు చూడగానే తమంతట తామే వేరే కెమెరాకి మారిపోతాయి. తెర నల్లబడితే పరికరం పాడైందనుకోవద్దు, సెట్టింగుల్లో ఆ ఆటో మ్యాక్రో ఆపి అసలు కెమెరా మీద గొట్టం పెట్టాలి. ఫోకస్ చక్రం వదులు, వేలు తీస్తే జారుతుంది. గొట్టం కొస పురుగుకు దాదాపు తగిలేంత దగ్గరికి పోవాలి, కాబట్టి మాను మీద నేరుగా చూడటం అయ్యే పని కాదు. సీసాలో వేసి ఐసు పెట్టెలో ఐదు పది నిమిషాలు ఉంచితే మందగిస్తాయి, చల్లదనం పోయేలోపు ఒకటి రెండు ఫోటోలు వస్తాయి. ఎల్‌ఈడీ మెరుపుకు గొట్టం నోటికి బటర్ పేపరు ముక్క అంటిస్తే సగం తగ్గుతుంది.

దీనికి బదులు ఏం కొనొచ్చంటే, తోపులో తిరిగేవాళ్లకు 10 రెట్ల చేతి లెన్సు చాలు, తేనెమంచు పురుగుకూ బెరడు పేనుకూ తేడా దాంట్లోనే తెలుస్తుంది. 20 రెట్లదైతే రెక్క విల్లు కూడా కనిపిస్తుంది గానీ ఫోటో ఉండదు. ‘1000 ఎక్స్’ అని రాసిన యూఎస్‌బీ మైక్రోస్కోపుల్లో ఆ అంకె ఎక్కువగా తెర మీద సాగదీసిన బొమ్మదే. స్టాండు ఉండటమే వాటి లాభం. పాదం కణుపులకు, మగ ఆడ జననాంగాలకు కాంపౌండ్ మైక్రోస్కోపే దిక్కు. జాతి తేలేది ఆ జననాంగాల ఆకారంతోనే. అది కాలేజీ ప్రయోగశాల పని, ఫోన్ పని కాదు.

బూజు గూళ్ల గురించి ఒక మాట. ఉష్ణమండలంలో ఆర్కిప్సోసిడే కుటుంబం బెరడు పేలు మాను మీద సన్నటి పట్టు పొర కప్పుతాయి. మామిడి, జామ మాన్ల మీద బెరడు తినే గొంగళిపురుగు కూడా బూజు కడుతుంది. పరికరం అక్కర్లేదు, వేలితో తుడిస్తే చాలు. రంపపు పొట్టు, పెంట గుళికలు కలిసిన గోధుమరంగు పట్టీ ఉండి, కొమ్మ చీలిన చోట రంధ్రం కనిపిస్తే గొంగళిపురుగు, దానికి వైద్యం కావాలి. శుభ్రమైన తెల్లటి పొర, రంధ్రం లేదు, కింద చిన్న పురుగుల మంద ఉందంటే వదిలేయొచ్చు.

పట్టడానికి నంబరు 0 పెయింటు బ్రష్షును సారాయిలో ముంచి తాకిస్తే అంటుకుంటాయి, వేళ్లతో పడితే నలుగుతాయి. కొమ్మల మీదివైతే కింద తెల్ల గొడుగు తిరగేసి పట్టి కొమ్మను కర్రతో కొట్టాలి. సూది గుచ్చి ఆరబెట్టొద్దు, మెత్తటి ఒళ్లు ముడుచుకుపోయి గుర్తులన్నీ పోతాయి. 95 శాతం ఇథనాల్ 84 మి.లీ. తీసుకుని నీళ్లతో 100 మి.లీ. చేస్తే 80 శాతం అవుతుంది, అందులో నిలవ ఉంచాలి. కళ్ల రంగు, ఒంటి చారలు అందులో వెలిసిపోతాయి, కాబట్టి రంగు ఫోటో ముందే తీయాలి. చీటీ సీసా లోపల వేయాలి, పెన్సిలుతో రాసి. బాల్ పెన్ను సిరా కరిగి సీసా అంతా నీలం అవుతుంది. ఊరు, తేదీ, చెట్టు పేరు, మాను మీదా ఆకు మీదా అన్నది రాస్తే చాలు. శేషాచలం అడవిలో, శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా సీసా తీయొద్దు. తిరుపతి రోడ్ల పక్కన నిద్రగన్నేరు, కానుగ, వేప మాన్లు నేర్చుకోడానికి బోలెడు.

ఇంట్లో బియ్యం డబ్బా అడుగున పాకే 1 మి.మీ. లేత పురుగుకు కూడా ఈ పరికరం వాడొచ్చు. రెక్కల్లేకుండా, ఒళ్లు చదునుగా, వెనక తొడలు లావుగా కనిపిస్తే అది లిపోసెలిస్. వీటికి తేమే ప్రాణం. బియ్యం నీడన గాలికి ఆరబోసి, డబ్బా కడిగి ఎండబెట్టి, మూత గట్టిగా బిగిస్తే తగ్గిపోతాయి. పరికరంలోని బటన్ సెల్స్ కూడా తేమకు తుప్పు పడతాయి, వానాకాలం వాడనప్పుడు తీసి పక్కన పెట్టుకోవాలి.